బల్లి పలికింది: బోయిగూడ నుంచి కొమురవెల్లికి పాత కారులో ఒక పగలు

నా పేరు గడ్డం బాలమణి. వయసు డెబ్బై ఆరు. ఉండేది సికింద్రాబాద్ బోయిగూడలో, మా ఆయన సత్తయ్య కట్టించిన ఇంట్లో. ఇంట్లో నేను, నా కొడుకు శ్రీనివాస్, కోడలు సరిత, వాకిట్లో టార్పాలిన్ కింద ఒక నల్ల కారు. కారును ఇంటి మనుషుల్లో కలిపి చెప్పానని నవ్వకండి. దానిదీ నాదీ ఇంచుమించు ఒకే ఈడు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే సరిత తన ప్రయాణాల పేజీ కోసం రాస్తోంది. పుస్తకం భాషలో రాయమన్నాను, కానీ ఎవరి మాటలు వాళ్ళు అన్నట్టే పెట్టమన్నాను. పాత కార్లలో దూరం పోవాలని సరదాపడేవాళ్ళు చదువుతారట. చదవండి. అయితే ఇది ఒట్టి ప్రయాణం ముచ్చట కాదు. ఒక పంపు మీద పడిన నిందకు నేను ఇస్తున్న జవాబు కూడా.

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందంటే, కారును బిర్యానీ బల్ల చేస్తామన్నందుకు. మా ఆయన ఆ కారును పెళ్ళి ఊరేగింపులకు తిప్పేవాడు. సికింద్రాబాద్‌లో ఎందరు పెళ్ళికొడుకులు దాని వెనక సీట్లో చెమటలు తుడుచుకున్నారో లెక్క లేదు. ఏటా ఒకసారి మాత్రం బేరాలు మానుకుని మమ్మల్ని కొమురవెల్లి మల్లన్న దగ్గరికి తీసుకుపోయేవాడు. ఆయన పోయాక కారు కూడా మాట మానేసింది. తాళం తిప్పితే చప్పుడు లేదు. ఇంజనుకు పెట్రోల్ అందించే పంపు చచ్చిందన్నారు. ఇరుకు గల్లీలో కారు అడ్డమని ఇరుగుపొరుగు గొణుగుడు. ఇంతలో కొంపల్లి వైపు కొత్తగా పెడుతున్న ఒక హోటల్ వాళ్ళు వచ్చారు. ఇంజను పీకేసి, కారును హోటల్ గుమ్మంలో నిలబెట్టి, సీట్ల మధ్య బల్ల వేసి అందులో కూర్చోబెట్టి బిర్యానీ పెడతారట. నా కొడుకు చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. "అమ్మా, నాకు సుత పానం ఒప్పుతలేదు. కానీ నడవని బండిని ఇంకెన్నేండ్లు మోద్దాం?" అన్నాడు. నేను ఊరుకుంటానా? "నడిస్తే?" అన్నాను. "కొమురవెల్లికి పోయి, ఎవ్వరు నెట్టకుంట, ఏ బండికి కట్టకుంట మళ్ళ ఇంటికొస్తే అమ్మను. మధ్యల ఆగి లాక్కరావాల్సి వస్తే హోటలోళ్ళకు ఫోన్ చేస్త" అన్నాడు. సరే అంటే సరే అనుకున్నాం. అదీ ఒప్పందం.

ముందు ఆ పంపు సంగతి చెప్పాలి, లేకపోతే మీకు ఏమీ అర్థం కాదు. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకు లోపలే దాక్కుంటుందట. మా కారులో ముందు రేకు ఎత్తితే అద్దం కింది అడ్డుగోడకు బిగించి ఉంటుంది, చిన్న చెంబంత. తాళం తిప్పగానే టిక్ టిక్ టిక్ అని పలుకుతుంది. అచ్చం గోడ మీద బల్లి పలికినట్టే. అందుకే మా ఇంట్లో దాని పేరు బల్లి. అది పలికిన ప్రతిసారీ మా ఆయన స్టీరింగ్ మీద వేలితో మూడుసార్లు కొట్టి "సత్యం" అనేవాడు, ఇంట్లో మాట్లాడుతుంటే బల్లి పలికినప్పుడు మనం నేల మీద కొడతాం చూడండి, అలాగ. మా కారు బల్లి పెట్రోల్‌ను వెనక ట్యాంకు నుంచి లాగి ఇంజను పక్కనున్న చిన్న గిన్నెలో నింపుతుంది. గిన్నె నిండగానే తనంతట తానే నోరు మూసుకుంటుంది. ఎవరూ ఆపక్కర్లేదు. ఇంజను కాస్త తాగగానే మళ్ళీ టిక్కుమని పోస్తుంది. కావలసినంతసేపే పలికి, కడుపు నిండగానే ఊరుకునే నోరు మనుషుల్లో ఎంతమందికి ఉంది? నాకైతే లేదు.

ఆదివారం జాతర రద్దీ ఉంటుందని గురువారం బయలుదేరాం. కారు అప్పటికే బోయిన్‌పల్లిలో ఖాజా షెడ్డులో ఉంది. ఖాజా మా ఆయన దగ్గర పని నేర్చినవాడు, ఇప్పుడు జుట్టు నెరిసింది, గొంతు మాత్రం తగ్గలేదు. పొద్దున్న ఆరున్నరకు బోయిగూడలో ముగ్గురం ఆటో ఎక్కాం. రెండు వందలు అడిగాడు, నూట ఎనభైకి ఒప్పించాను. కూరగాయల మార్కెట్ దగ్గర లారీలూ, టమాటా బుట్టలూ, హమాలీలూ కలిసి దారి మూసేశారు. మేం పోయేది ఎక్కడికో విని ఆటో అబ్బాయి అద్దంలోంచి నన్ను చూశాడు. "అవ్వా, గా పాత బండిల కొమురవెల్లికా? బస్సుల పోతే కూసొని పోతవ్ గద."

"నీ ఆటో ఎన్నేండ్లది బిడ్డా?"

"ఆరేండ్లు."

"గిప్పుడే గిట్ల దగ్గుతున్నది. నా బండి ఈడుకొచ్చినంక మాట్లాడు."

వాడు నవ్వి, దింపేటప్పుడు "మల్లన్నకు నా దండం గూడ పెట్టు" అన్నాడు.

షెడ్డులో ఖాజా పంపును అప్పటికే విప్పి బాగుచేసి బిగించాడు. లోపలి పొర ఎండి పగిలిందట. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ అనే సారా సరుకుకు పాత పొరలు ఓర్చుకోవట, దానికి తట్టుకునే పొర తెప్పించి వేశాడు. రెండు చిన్న వెండి చుక్కలు ఒకదానికొకటి తగిలి విడిపోతుంటేనే పంపు పలుకుతుందని, అవి నల్లబడితే అట్టముక్క మధ్యలో పెట్టి మెల్లగా లాగి శుభ్రం చేయాలని చూపించాడు. "అమ్మా, తొవ్వల గిది ఆగితే పరేషాన్ గాకు. మొదలు విను. తర్వాత లైటు పెట్టు. తర్వాత సీసా పెట్టు" అన్నాడు. లైటు అంటే రెండు తీగలు తగిలించిన చిన్న బల్బు. పంపుకు వచ్చే తీగకు ఒక కొస, కారు రేకుకు ఇంకో కొస ఆనిస్తే వెలగాలి. వెలగకపోతే తప్పు కరెంటుది, పంపుది కాదు. సీసా అంటే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు గిన్నెకు పోయే గొట్టం ఊడదీసి గాజు సీసాలో పెట్టి తాళం తిప్పాలి. పక్కన ఇసుక బకెట్ ఉండాలి, చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు.

ఆ సీసా చూడటం నా జన్మలో మరిచిపోను. సరిత తాళం తిప్పింది. టిక్ టిక్ టిక్. సీసాలోకి సన్నని ధార, తెగకుండా, బుడగ లేకుండా, పొద్దుటి ఎండలో తేనెలాగా. బుడగలు వస్తే ఎక్కడో గాలి పీలుస్తోందని, అప్పుడు గడగడా ఆగకుండా పలుకుతుందని ఖాజా చెబుతున్నాడు. నేను వినడం లేదు. ఇన్నేళ్ళు ఆ కారులో కూర్చున్నాను కానీ ఆ చప్పుడు ఏం చేస్తుందో కళ్ళతో చూడటం అదే మొదలు. ఏ చెయ్యీ తోడకుండా, అంత చిన్న చెంబు, అంత దూరం నుంచి లాగి పోస్తోంది. చేతులు జోడించాను. ఖాజా కూడా అరవడం ఆపి నిలబడ్డాడు.

ఆ భక్తితోనే పూజ చేశాను. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు రేకు మీద పసుపు కుంకుమ, స్టీరింగ్‌కు బొట్టు. చివరికి వెనక పెట్రోల్ మూత దగ్గరికి పోయాను. ముందురోజే రెండు వేల రూపాయల పెట్రోల్ పోయించి ట్యాంకు నింపించాం. కారు తినేది ఆ నోటితోనే కదా, నోటికి బొట్టు లేకపోతే ఎలా? తడి పసుపు మూడు వేళ్ళ నిండా తీసుకుని మూత మీద దట్టంగా రాసి, మధ్యలో కుంకుమ పెట్టాను. ఎవరూ వద్దనలేదు. మనలో ఎవరంటారు?

ఎనిమిదిన్నరకు శ్రీనివాస్ కూర్చుని తాళం తిప్పాడు. బల్లి పలికింది, ఊరుకుంది, ఇంజను అందుకుంది. తిరుమలగిరి మీదుగా లోతుకుంట, అల్వాల్ దాటి రాజీవ్ రహదారి పట్టుకున్నాం. మీరు పోయేటట్టయితే ఎనిమిది లోపే అల్వాల్ దాటండి, తర్వాత బడి బస్సులు కదలనివ్వవు. హకీంపేట దాటాక చెట్లు, గాలి. పక్కనుంచి పోయే కార్లలో జనం ఫోన్లు పైకెత్తి మమ్మల్ని తీసుకుంటున్నారు. ఒక పిల్ల చెయ్యి ఊపింది. శ్రీనివాస్ ముఖంలో వాళ్ళ నాన్న కనిపించాడు. పెదవి ఒక పక్కకు లాగి, కుడిచేయి తేలిగ్గా స్టీరింగ్ మీద పెట్టి. శామీర్‌పేట చెరువు మీద ఎండ మెరుస్తుంటే నేను నోరెత్తలేదు. అది మా ఇంట్లో చాలా పెద్ద వార్త అని సరిత రాసుకుంటోంది. రాసుకోనీ.

శామీర్‌పేట దాటి కొంతదూరం పోయాక కారు ఒకసారి తడబడింది. మళ్ళీ తడబడింది. తుమ్మినట్టు రెండుసార్లు ఎగిరి, రోడ్డు పక్క తుమ్మ చెట్టు నీడలోకి జారి ఆగిపోయింది. ఇంజను చప్పుడు పోగానే బల్లి ఒకే ఒక్కసారి, ఎంతో కష్టంగా, టిక్కుమంది. ఆ తర్వాత ఏమీ లేదు.

నా కొడుకు స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు. "అయిపోయిందమ్మా. పంపు సచ్చింది. నేను జెప్పలేదా?"

"నోరు ముయ్. సచ్చిందని నువ్వెట్ల జెప్తవ్? నాడి పట్టి సూసినవా?"

"గింకేం సూడాలె? పలుకుతలేదు గద!"

"కడుపు నిండినా పలుకది. పానం పోయినా పలుకది. రెండు ఒకటేనారా?"

వాడు ఖాజాకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు మాకందరికీ వినిపించింది. "పంపే అయ్యుంటది భాయ్. పాతది ఎంత చేసినా పాతదే. నేను బండి తీస్కొని వస్త, లాక్కొద్దాం." లాక్కొద్దాం అన్న మాట విని నా కడుపు మండింది. ఆ మాటతో హోటల్ బల్ల, బిర్యానీ, అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. పొద్దున్న దండం పెట్టిన పంపుకు పట్టుమని ఒక పూట కాకముందే అందరూ కలిసి పాడె కడుతున్నారు. "ఖాజా, నువ్వు వచ్చేలోపల నేను సూస్త" అని ఫోన్ లాక్కుని కట్ చేశాను, ఎర్ర గుర్తు నొక్కడం నాకు వచ్చు.

సరిత రేకు ఎత్తింది. నేను సంచిలోంచి బల్బు తీశాను. ఇంతలో ఒక లారీ ఆగింది. డ్రైవర్ బీడీ కాలుస్తూ దిగి వచ్చాడు. "ఏమైందవ్వా, ముసలి బండి మొరాయించిందా?"

"ముసలిదాన్ని నేను, బండి కాదు. ముందు నీ బీడీ ఆర్పు. పెట్రోల్ ఉన్నదీడ. లేకుంటే నిన్నే ఆర్పుత."

అతను బీడీని అక్కడికక్కడ చెప్పు కింద నలిపి, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో పిల్లాడిలా నిలబడ్డాడు. సరిత తీగ ఆనించింది. బల్బు వెలిగింది. కరెంటు వస్తోంది. నేను పంపు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాను. కాలుతోంది. అక్కడే నాకు అనుమానం వచ్చింది. చచ్చినది చల్లబడాలి కదా. ఇది కాగుతోందంటే పని మానలేదు. బావిలో చేద ఏ రాయి కిందో తట్టుకుంటే చేంతాడు లాగేవాళ్ళ చెయ్యి ఎలా కందిపోతుందో ఈ పంపు అలా కందిపోతోంది. బలమంతా పెట్టి లాగుతోంది, అటునుంచి పెట్రోల్ రావడం లేదు.

"సీనూ, తప్పు దీనిది గాదు. ఎన్క ఏదో పట్టుకున్నది."

"ఏం పట్టుకుంటదమ్మా? ట్యాంకు నిండుగున్నది."

"నిండుగున్నదో లేదో పుల్ల పెట్టి సూస్త. తాళం అట్లనే ఉంచు."

తుమ్మ చెట్టు పక్కనున్న వేప మొక్క నుంచి ఒక పుల్ల విరిచి, ఆకు దూసేసి, వెనక్కి పోయి మూత తిప్పాను. రాలేదు. లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టుంది. మల్లన్నా అని రెండు చేతులా తిప్పాను.

స్స్‌స్‌స్ మన్నది. కుక్కర్ ఆవిరి బయటికి కొడుతుంది. ఇది అలా కాదు, లోపలికి పీల్చింది. ముక్కూ నోరూ మూసి పట్టుకున్న మనిషిని వదిలేస్తే పీల్చినట్టు, పెద్ద ఊపిరి. ఆ ఊపిరి ఆగకముందే ముందునుంచి వినిపించింది. టిక్. టిక్ టిక్. టిక్ టిక్ టిక్ టిక్. ఎవరూ ముట్టుకోలేదు, కొట్టలేదు. మేం ముగ్గురం, లారీ డ్రైవర్, కదలకుండా వింటున్నాం. రోడ్డు మీద బస్సు పోయినా మాకు ఆ చప్పుడే. కాసేపు పలికి, గిన్నె నిండినట్టుంది, ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఎంత నిండుదనం ఉందో! "మహిమ" అన్నాడు లారీ డ్రైవర్.

శ్రీనివాస్ వచ్చి నా చేతిలో మూత తీసుకుని తిప్పి చూశాడు. దాని నడుమ సూది మొనంత రంధ్రం ఉంటుందట, ట్యాంకులో పెట్రోల్ తగ్గినకొద్దీ ఆ చోటికి గాలి పోవడానికి. ఆ రంధ్రంలో ఎండిన పసుపు, సిమెంటు పెట్టినట్టు. గాలి పోయే దారి లేక ట్యాంకు లోపలినుంచి బిగబట్టుకుంది, పంపు ఎంత లాగినా ఇవ్వలేదు.

"అమ్మా, గీ పసుపు ఎవరు పెట్టిన్రు?"

"ఎవరు పెడ్తరు? నేనే. నోటికి పెట్టిన."

"నోటికి పెట్టి ముక్కు మూసినవ్ గదనే!"

సరిత నవ్వి నవ్వి రాతి మీద కూర్చుండిపోయింది. నా కొడుకు కూడా నవ్వాడు, వాళ్ళ నాన్న పోయాక అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. నేను నవ్వలేదు. గాజులకున్న పిన్నీసు తీసి, ఆ రంధ్రం శుభ్రం చేసి, మూత తుడిచి బిగించి, ముందుకు పోయి పంపు మీద తడిగుడ్డ వేశాను. దానికి చెప్పాల్సిన మాట చెవిలో చెప్పాను, అది రాయించను. ఖాజాకు ఫోన్ చేసి, సంగతి చెప్పి, రావద్దన్నాను. "నేను జూస్తుండంగనే పెట్టినవ్ అమ్మా. నాక్కూడ తట్టలే. పంపుకు నా తరపున మాఫీ అడుగు" అన్నాడు.

ప్రజ్ఞాపూర్ దాటి, గుడికి కట్టిన స్వాగత కమాన్ దగ్గర కుడికి తిరిగి, పన్నెండు కావస్తుండగా కొమురవెల్లి చేరాం. గురువారం కాబట్టి దర్శనం అరగంటలో అయింది. బండి నిలపడానికి యాభై తీసుకున్నారు. గుట్ట మీద ఎండ, డోలు చప్పుడు, ఎటు చూసినా పసుపు. మల్లన్న దగ్గర పసుపునే బండారి అంటారు, అదే ప్రసాదం. డోలు కొడుతూ మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారి ఒకాయన గుప్పెడు బండారి పట్టుకుని మా కారు వెనక వైపుకు నడిచాడు. నేను చేతులు చాపి అడ్డం నిలబడ్డాను.

"ఏందవ్వా, మల్లన్న బండారి వద్దంటవా?"

"నా నెత్తిన పొయ్యి అయ్యా, ఎంతన్న పొయ్యి. బండికి నొసట పెట్టు. మూతి మీద పెడితే మల్లన్న సుత దిగొచ్చి నెట్టాల్సి వస్తది."

సంగతి విని ఆయన డోలు పక్కన పెట్టి నవ్వాడు, ముందు రేకు మీద మాత్రమే పెట్టాడు. కింద ఒక పూరిపాకలో భోజనం, మనిషికి నూట ఇరవై. వండే ఆమెకు మా ముచ్చట అప్పటికే చేరింది. "పసుపు అవ్వ నువ్వేనా? పప్పుల పసుపు తక్కువేసిన, భయపడకుంట తిను" అంది. తిన్నాను. పప్పు బాగుంది.

తిరుగు దారిలో ఎండ దంచింది. తడిగుడ్డ రెండుసార్లు మార్చాం, వేడికి పెట్రోల్ ఆవిరై గొట్టంలో అడ్డుపడకుండా. ఎక్కడా ఆగలేదు. ఆరు గంటలకు బోయిగూడ గల్లీలోకి మలుపు తిరిగాం. టార్పాలిన్ మడతపెట్టిన చోట కారు ఆగింది. అప్పుడే హోటల్ మనిషి ఫోన్ చేశాడు. శ్రీనివాస్ ఫోన్ మోగనిచ్చాడు. తాళం ఒకసారి కట్టేసి, మళ్ళీ తిప్పాడు. టిక్ టిక్ టిక్. ఊరుకుంది. వాడు స్టీరింగ్ మీద వేలితో మూడుసార్లు కొట్టాడు. ఎవరు నేర్పారని నేను అడగలేదు. తర్వాత ఫోన్ ఎత్తాడు. "బండి నడుస్తున్నదన్నా. నడిసే బండిని గుమ్మంల ఎట్ల నిలబెడ్తం?"

డెబ్బై ఆరేళ్ళలో దేవుళ్ళకు ఎన్ని దండాలు పెట్టానో, మనుషుల మీద ఎన్ని నిందలు వేశానో నాకే తెలియదు. ఊరుకున్న ప్రతిదీ చచ్చిందనుకుంటాం. దాని ఊపిరి మీద ఎవరి చెయ్యి ఉందో చూడం. ఆ చెయ్యి ప్రేమతోనే పెట్టి ఉండవచ్చు, నేను అలాగే పెట్టాను. అయినా ఊపిరి ఊపిరే. చెంబంత పంపు అంత వేడిలో, అంత బిగింపులో, గాలి దొరికే దాకా పట్టు వదలకుండా లాగుతూనే ఉంది. పాత కారులో బయలుదేరేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పంపు ఆగిందంటే దాన్ని తిట్టేముందు పెట్రోల్ మూత తిప్పి చూడండి, స్స్ మంటే మూతకున్న రంధ్రం పిన్నీసుతో తీయండి, పసుపు నొసటనే పెట్టండి.

పైన చెప్పినదంతా నా నోటి మాట. చదివించుకుని విన్నాను, ఒప్పుకున్నాను.

గడ్డం బాలమణి, ఎడమ బొటనవేలి ముద్ర. వేలికి ఇంకా పసుపు ఉందని సరిత అంటోంది, ఉండనీ.

సాక్షులు: రాసినది కోడలు సరిత. నడిపినది కొడుకు శ్రీనివాస్. బాగుచేసినది ఖాజా, బోయిన్‌పల్లి. నాలుగో సాక్షికి సంతకం రాదు, నాలాగే. నమ్మకం లేనివాళ్ళు బోయిగూడకు వచ్చి తాళం తిప్పండి, పలుకుతుంది.